చారచక్షువు: నెల్లూరిసీమ వాఙ్మయమున నేరపరిశోధన

రాజునకు చారులే కన్నులని మన నీతిశాస్త్రకారులు చెప్పియున్నారు. చారచక్షువను మాట ఆ యర్థముననే వాడుకలోనికి వచ్చినది. సామాన్యుడు తన కన్నులతో తన యింటిని, తన పొలమును చూచుకొనును. రాజు దేశమంతయు చూడవలసినవాడు కనుక ఇతరుల కన్నులను తెచ్చుకొనును. రాజనీతి ప్రకరణములను వ్యాఖ్యానించునపుడు మన విమర్శకులును ఈ మాటను తఱచుగా వాడుదురు. కాని ఆ కన్ను ఎవనిది, అది దేనిని చూడగలదు, దేనిని చూడజాలదు, చూచినదానిని చెప్పిన పిమ్మట ఏమి జరుగును అను ప్రశ్నలను కావ్యములకు వేసి సమాధానము రాబట్టిన విమర్శ మాకు విశేషముగా కనబడలేదు. ఈ వ్యాసమున ఆ ప్రయత్నము చేయదలచితిమి.

ఇందులకు నేటి ప్రయోజనము కూడ కలదు. ప్రభుత్వములో పెద్దలైనవారికి సంబంధించిన నేరము జరిగినప్పుడెల్ల, దానిని కేంద్ర నేరపరిశోధన సంస్థకు అప్పగింపవలెనని ఒక పక్షమువారును, అప్పగింపరాదని మఱియొక పక్షమువారును వాదించుట మనము నిత్యము వినుచున్నాము. 2022 ఏప్రిల్ నెలలో నెల్లూరు న్యాయస్థానముననే ఒక కేసునకు సంబంధించిన సాక్ష్యవస్తువులు చోరీ అయినవి. ఆ సంవత్సరము నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఆ చోరీ విచారణను ఈ సంస్థకు అప్పగించెను. న్యాయస్థానపు సొత్తు పోయినప్పుడు దొంగను వెదకుటకు ఆ సీమకు వెలుపలి కన్ను కావలసి వచ్చినది. ఈ చిక్కు నిన్న మొన్న పుట్టినది కాదనియు, ఇదే సీమయందు పుట్టిన వాఙ్మయము దీనిని బహుకాలము క్రిందటనే గుర్తించినదనియు మా యభిప్రాయము.

మేము గ్రహించిన సీమ నెల్లూరు మొదలుకొని పెన్న కిరువైపుల పడమరగా కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరుల మీదుగా వెలిగొండల వఱకు వ్యాపించినది. ఇందు తిక్కన విరాటపర్వము, కేతన ధర్మశాస్త్రము పుట్టినవి. ఇక్కడి పశుల బీళ్లను గూర్చి కాటమరాజు కథ పుట్టినది. ఉదయగిరి దుర్గమును జయించిన రాజు ఆముక్తమాల్యదను వ్రాసెను. ఈ నాలుగింటిని వరుసగా పరిశీలింతము.

విరాటుని కొలువు

విరాటపర్వమున రెండు నేరములు జరిగినవి. మొదటిది కీచకుడు ద్రౌపదిని నిండుకొలువున కాలితో తన్నుట. రెండవది ఆ కీచకుడు రాత్రివేళ నర్తనశాలలో హతుడగుట. ఈ రెండింటిలో దేనికిని విచారణ జరుగలేదు. విమర్శకులు మొదటి ఘట్టమున ద్రౌపది యాగ్రహమును, చెట్టువైపు చూచిన భీముని చూపును, అతనిని నివారించిన ధర్మజుని గూఢోక్తిని కొనియాడిరి. అది యుక్తమే. రసదృష్టితో చూచినపుడు ఆ ఘట్టము తెలుగు భారతమున మిక్కిలి బిగువైన వానిలో నొకటి. అయితే ఆ కొలువున ఇంకొకడు కలడు. అతడు సింహాసనముమీద కూర్చుండిన విరాటుడు.

ఈ నేరమునకు సాక్షుల కొఱత లేదు. కొలువు కొలువంతయు చూచినది. రాజు స్వయముగా చూచెను. నేరము చేసినవాడు రాజునకు బావమఱది, సేనాని. రాజ్యము అతని భుజబలముపై నిలిచియున్నది. సంస్కృత మూలమున విరాటుడు చెప్పిన సమాధానము గమనింపదగినది. మీ యిరువుర కలహము నా పరోక్షమున జరిగినది, దాని తత్త్వము నెఱుగక నేనేమి చేయగలనని అతడనును. తన్నుట అతని యెదుట జరిగినది. కలహకారణము మాత్రమే పరోక్షము. ఆ పరోక్షమైన భాగమును పట్టుకొని అతడు ప్రత్యక్షమైన భాగమును విడిచిపెట్టెను. నిజము తెలియవలెనను మాట ఇచట నిజము తెలిసికొనుటకు కాక, తెలిసిన నిజమునుండి తప్పించుకొనుటకు వినియోగపడినది. విచారణ జరుగవలెనని చెప్పుచు విచారణ నారంభింపకుండుట పాలకులకు ఎంత పాత విద్యయో ఈ ఘట్టమువలన తెలియుచున్నది.

రెండవ నేరము సంగతి మఱింత వింతయైనది. సేనాని చంపబడెను. అతని వెంట ఉపకీచకులును నశించిరి. గంధర్వులు చంపిరన్న మాటను రాజు నమ్మెను, లేదా నమ్మినట్లుండెను. అతనికి కావలసినది సైరంధ్రి తన నగరు విడిచిపోవుట మాత్రమే. శవము నర్తనశాలలో ఎట్లు పడెను, ఆ రాత్రి ఎవరెవరు ఎచ్చట నుండిరి, వంటశాలలోని మల్లునకు ఎంత బలము కలదు అను ప్రశ్నలు ఎవరును వేయలేదు. మొదటి నేరమున నిందితునిపై భయము, రెండవ నేరమున హంతకునిపై భయము విచారణ నాపినవి. భయము దిక్కు మార్చుకొన్నది గాని ఆ రాజ్యమున కన్ను తెఱచుకొనలేదు.

ఇట్టి స్థితిలో ద్రౌపది అర్ధరాత్రమున వంటయింటికి పోయి భీముని లేపినది. కొలువున దొరకని న్యాయమును చీకటిలో వెదకినది. మనము భీముని చేతను మెచ్చుకొందుము. అయినను అది మెచ్చుకొనవలసిన స్థితికి వచ్చుటయే రాజ్యమునకు కళంకము.

హస్తినాపురపు చారులు

విరాటుడు చేయని పరిశోధనను దుర్యోధనుడు చేసెను. అతని చారులు అడవులు, కొండలు, పురములు గాలించిరి. పాండవుల సారథులు ద్వారకకు చేరినారని తెలిసికొనిరి గాని పాండవుల జాడ తీయలేకపోయిరి. తిరిగివచ్చి తమ వైఫల్యమును దాచక చెప్పి, కడపట కీచకుని మరణమును శుభవార్తగా విన్నవించిరి. వారి దృష్టిలో అది వేఱొక సంగతి. రాజునకు కొంత సంతోషము కలుగవలెనని చెప్పినది.

ఇచట కవి చూపిన భేదము పరిశోధక విద్యార్థులు ప్రత్యేకముగా గుర్తింపవలెను. వార్తను తెచ్చుట ఒకటి, వార్తలను కలిపి అర్థము తీయుట ఒకటి. చారులచేతిలోనే సమాధానమున్నది, అది సమాధానమని వారెఱుగరు. కర్ణుడు మఱింత నేర్పరులైన చారులను పంపుమనెను. దుశ్శాసనుడు పాండవులు ఏ మృగములకో ఆహారమై యుందురనెను. ద్రోణుడు అట్టివారు నశింపరనెను. భీష్ముడు వేఱొక మార్గము త్రొక్కెను. ధర్మజుడున్న చోట వానలు సకాలమున కురియును, పాడి సమృద్ధిగా నుండును, జనులు ధర్మపరులై యుందురని లక్షణములు చెప్పెను. మనుష్యుని వెదకుట మాని అతని ప్రభావమును వెదకుమని భీష్ముని భావము. తుదకు కీచకుని చంపగల బలము భీమునికి తప్ప వేఱొకనికి అరుదని ఊహించి దుర్యోధనుడు మత్స్యదేశముపై దృష్టి నిలిపెను.

కీచకవధను గూర్చి సరియైన ఊహ చేసినవాడు ఆ రాజ్యమునకు వెలుపలివాడు. ఇంటివాడు చూడనిదానిని పొరుగువాడు చూచెను. ఇంతవఱకు చూచినచో వెలుపలి కన్నే మేలనిపించును. కాని ఆ కన్ను ఎందులకు తెఱచుకొన్నది? సైరంధ్రికి జరిగిన యవమానము దుర్యోధనునికి పట్టలేదు. కీచకుని మరణమునకు న్యాయము చేయవలెనను తలంపు అతనికి లేదు. తన దాయాదుల యజ్ఞాతవాసమును భంగపఱచి మరల వారిని అడవికి పంపుటయే అతని కోరిక. పరిశోధన ఫలించిన మఱుక్షణమున అది గోగ్రహణముగా మాఱినది. వెలుపలి కన్నునకు చూపు కలదు, అయితే దానికొక పక్షమును కలదు. లోపలి కన్నునకు సమీపము కలదు, అయితే దానికి భయము కలదు. తిక్కన విరాటపర్వము ఈ రెండింటిని ఎదురెదురుగా నిలిపి చూపినది.

ఒక ఆక్షేపణ ఇచట రావచ్చును. దుర్యోధనుని చారులు వేగులవారేగాని నేరపరిశోధకులు కారు. కావున ఈ పోలిక కాలవిరుద్ధమని అనవచ్చును. వేగు, నేరపరిశోధన వేఱు వేఱు పనులని మేమును అంగీకరింతుము. కాని ఆ రెంటిని వేఱుచేయు గీత శాస్త్రమున నున్నంత స్పష్టముగా లోకమున లేదు. ప్రత్యర్థిపై వేగు నేరపరిశోధన వేషమున వచ్చునా అనునదే నేటి వివాదము. ఆ గీత చెఱగిన చోటును చూపుటచేతనే ఈ ఘట్టము మనకు పనికివచ్చుచున్నది.

చిలుకను చంపినదెవరు?

తిక్కన కాలమునాటి నెల్లూరి రాజ్యమునకే సంబంధించిన కాటమరాజు కథ పండితుల కావ్యము కాదు. గొల్లసుద్దులవారి నోట నిలిచిన వీరగాథాచక్రము. తంగిరాల వెంకట సుబ్బారావుగారు దీనిని సేకరించి పరిశోధించి విద్వల్లోకమునకు మహోపకారము చేసిరి. కథాసారము అందఱికి తెలిసినదే. కఱవు వచ్చి కాటమరాజు తన ఆలమందలను నెల్లూరిసీమ బీళ్లకు తోలుకొని వచ్చెను. మేపునకు బదులు కోడెదూడలను ఇచ్చునట్లు రాజుతో ఒడంబడిక కుదిరెను. పిమ్మట పుల్లరి తగవు వచ్చి ఎఱ్ఱగడ్డపాటి యుద్ధముగా పరిణమించెను. ఆ యుద్ధముననే తిక్కన సోమయాజికి జ్ఞాతియైన ఖడ్గతిక్కన మడిసెను.

తగవునకు మూలమును ఈ కథాచక్రమునందలి ఒక పాఠము ఇట్లు చెప్పును. రాజు ప్రియురాలు పెంచిన చిలుకను గొల్లలు చంపిరని ఒక ఫిర్యాదు. ఆ కోపమున ఆమె ఆవులను చంపించినదని రెండవ ఫిర్యాదు. ఆవులను కాపాడని రాజునకు పుల్లరి యీయనని కాటమరాజు పట్టుదల. ఒడంబడిక ప్రకారము ఈయవలసినదేయని రాజు పట్టుదల. ఇరుపక్షముల వాదములలోను కొంత న్యాయమున్నది. ఏ పక్షమును ఆ మొదటి రెండు ఫిర్యాదులను విచారించుటకు మూడవవానిని పిలువలేదు. రాయబారములు నడచినవి, కాని అవి పుల్లరిని గూర్చిన రాయబారములే. చిలుకను గూర్చియు ఆవులను గూర్చియు విచారణ జరుగలేదు.

కలువాయి ప్రాంతమున ఒకానొక రాత్రి ఈ సుద్దులు విని లేచుచున్నపుడు, మా ప్రక్కన కూర్చుండిన ఒక వృద్ధ గోపాలకుడు అన్నమాట మాకు ఇప్పటికిని జ్ఞప్తియున్నది. “అంత యుద్ధం జేసినారు గానీ, చిలకని చంపిందెవురో ఒక్కడన్నా అడిగినాడా సామీ?” అని అతడనెను. మేమప్పటికే ఆ కథపై రెండు మూడు వ్యాసములు చదివియుంటిమి. వానిలో యుద్ధకాలనిర్ణయము, స్థలనిర్ణయము, ఖడ్గతిక్కన చరిత్రాంశము చర్చింపబడినవి. ఈ ప్రశ్న మాత్రము లేదు. పండితుల పరిశోధన తప్పిపోయిన చోటును ఆ వృద్ధుడు పట్టుకొనెను.

నిందితురాలు రాజు ప్రియురాలు. ఫిర్యాది వలసవచ్చిన గొల్ల. తీర్పరి రాజు. పుల్లరి పొందవలసినవాడును రాజే. తన యింటి నేరమును తానే విచారింపవలసి వచ్చినపుడు రాజు విచారణను మాని బాకీని ముందుకు తెచ్చెను. కాటమరాజు కథ వీరగాథగా ఎంత గొప్పదో, విచారణ లేకపోవుటవలన కలుగు వినాశమునకు దృష్టాంతముగా అంత గొప్పది.

కేతన చెప్పిన జాడలు

తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన, విజ్ఞానేశ్వరుని మితాక్షర ననుసరించి విజ్ఞానేశ్వరీయమును తెలుగున రచించెను. మితాక్షర యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్య. ఒకే కవి చంపానగరమున లోభుల ధనము హరించిన అపహారవర్మ కథను రసవంతముగా చెప్పి, దొంగలను పట్టు ధర్మమును కూడ తెలుగు చేయుట ముచ్చటయైన విషయము. సాహిత్యచరిత్రకారులు ఈ గ్రంథమును తెలుగున తొలి ధర్మశాస్త్రమని పేర్కొని ముందునకు సాగిపోవుదురు. ఇందలి భావములకు ఇంకను నిలిచి చూడవలసిన విలువ కలదు.

ఈ స్మృతిసంప్రదాయమున వ్యవహారమునకు ప్రమాణములు మూడు: లిఖితము, భుక్తి, సాక్షులు. ఇవి లేనపుడే దివ్యము. దొంగను పట్టుటకు చెప్పిన ఆనవాళ్లు అతనియొద్ద దొరకిన సొమ్ము, అడుగుజాడ, పూర్వము చేసిన నేరము, తెలియరాని నివాసము. తన కులమును, పేరును దాచువానిని, అడిగినపుడు నోరెండి గొంతు మాఱినవానిని సందేహింపవచ్చునని కూడ కలదు. అడుగుజాడ ఊరు దాటి పోనిచో ఆ యూరి పెద్ద బాధ్యుడు. అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. దొంగలు హరించిన ధనమును రాజు ప్రజలకు మరల ఇప్పింపవలెను. ఈయనిచో ఆ పాపము రాజునకు తగులును. దొంగను పట్టకపోవుట ఇచట ఉద్యోగి వైఫల్యము మాత్రమే కాదు, రాజు అపరాధము.

ఇందొక సూక్ష్మమును గమనింపవలెను. కులమును దాచుట సందేహమునకు హేతువు. కులము హేతువు కాదు. ఈ భేదమును ఆంగ్ల ప్రభుత్వము చెఱిపివేసినది. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించిన పిదప, ఎఱుకలవంటి జాతులవారు పుట్టుకచేతనే అనుమానితులైరి. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారి నిర్వహణమున అట్టివారికై ఒక సెటిల్మెంటు వెలసినది. జాడ తీయుటకు బదులు జాతిని లెక్కించుట పరిశోధన యనిపించుకొన్నది. ఈ చట్టమును 1947లో మద్రాసు ప్రభుత్వమును, 1952లో భారత ప్రభుత్వమును రద్దు చేసినవి. పెద్దలయెడ కన్ను మూసికొనిన రాజ్యము బీదలయెడ ఎంత తీక్ష్ణముగా కన్ను తెఱచునో తెలియుటకు ఈ యొక్క ఉదాహరణము చాలును.

ఉదయగిరిని జయించిన రాజు

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని గజపతులనుండి గైకొనెను. ఆముక్తమాల్యద రాజనీతి ప్రకరణమున చారుని లక్షణములు చెప్పబడినవి. చారుడు ఊరికి చెందినవాడై, పెక్కు భాషలెఱిగినవాడై, తోడి చారుల నెఱుగనివాడై, గుర్తింపదగిన చిహ్నములు లేనివాడై యుండవలెను. అతనికి కోరినదానికన్న ఎక్కువ ఈయవలెను. ఇది అనుభవజ్ఞుని మాట. చారుల కొకరినొకరు తెలియకుండ నుంచుట వారు కలిసి కట్టుకథ చెప్పకుండుటకు. ఎక్కువ ఇచ్చుట వారిని వేఱొకడు కొనకుండుటకు. ఇందు పరిశోధకుని స్వతంత్రతను గూర్చిన తలంపు కలదు. అయితే అది ఇతరులనుండి స్వతంత్రత. ప్రభువునుండి స్వతంత్రత కాదు.

అదే ప్రకరణమున మరణదండనకు పాత్రులైనవారికి మూడుమార్లు విన్నవించుకొను అవకాశ మీయవలెనని కలదు. దానివెంటనే మినహాయింపును కలదు. ఎవనిని విడిచినచో రాజునకే ఉపద్రవము కలుగునో వానిని వెంటనే తుదముట్టింపవలెనట. సామాన్య నేరమునకు ఓర్పు, రాజకీయ నేరమునకు తొందర. విమర్శకులు మొదటి భాగమును రాయల దయకు నిదర్శనముగా చూపుదురు, రెండవదానిని దాటవేయుదురు. రెండును కలిపి చదివినగాని ఆ నీతి స్వరూపము తెలియదు. తనకు భయము కలిగించు కేసుననే తనకు విచారణ మిక్కిలి అవసరమని ప్రభువు గ్రహింపజాలకపోవుట ఇందు కనబడుచున్నది.

ఈ మినహాయింపు ఎచ్చటికి దారితీయునో రాయల జీవితమే చూపినదని చెప్పుకొందురు. పోర్చుగీసువాడైన న్యూనిజ్ వ్రాసిన వృత్తాంతమున, పట్టాభిషిక్తుడైన బాలకుమారుడు విషప్రయోగమున మరణించెననియు, ఆ నేరము తిమ్మరుసు కుమారునిపై మోపబడెననియు, రాయలు తిమ్మరుసును చెఱలో నుంచి కన్నులు తీయించెననియు కలదు. న్యూనిజ్ ఈ సంగతి జరిగిన పదియేండ్లకు పిమ్మట విజయనగరమునకు వచ్చినవాడు. అతడు విన్నదే వ్రాసెను. తెలుగువారి హృదయము మాత్రము తిమ్మరుసును నిర్దోషిగానే నిలుపుకొన్నది. 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చలనచిత్రము ఆ నమ్మకమునకే రూపము. సత్యమేదియైనను, కుమారుని కోల్పోయిన తండ్రియే విచారణకర్తయు తీర్పరియు అయినచో ఆ తీర్పును లోకము ఎన్నటికిని నమ్మదు. దోషియైనను నిర్దోషియైనను తిమ్మరుసునకు జరిగిన అన్యాయము ఇది.

నేటి సంస్థ

ఇంక నేటి సంస్థను చూతము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున యుద్ధసామగ్రి కొనుగోళ్లలో లంచములు పెరుగగా 1941లో ప్రత్యేక పోలీసు విభాగము నొకదానిని ఆంగ్ల ప్రభుత్వము నెలకొల్పినది. 1946లో ఢిల్లీ ప్రత్యేక పోలీసు స్థాపన చట్టము వచ్చినది. 1963 ఏప్రిల్ 1వ తేదీన కేంద్ర హోంమంత్రిత్వశాఖ తీర్మానముచే సి.బి.ఐ. ఏర్పడినది. డి.పి. కోహ్లీ దానికి మొదటి డైరెక్టరు. సంస్థ పెరిగినను దాని అధికారమునకు ఆధారము ఆ 1946 చట్టమే. ఆ చట్టము ఆఱవ సెక్షను ప్రకారము రాష్ట్రప్రభుత్వము సమ్మతింపనిదే ఆ రాష్ట్రమున ఈ సంస్థ పని చేయరాదు.

ఈ సమ్మతి చరిత్రను తెలుగు రాష్ట్రములలోనే చూడవచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018 నవంబరులో సాధారణ సమ్మతిని ఉపసంహరించుకొనెను; ప్రభుత్వము మాఱిన పిమ్మట 2019 జూనులో మరల ఇచ్చెను. తెలంగాణ ప్రభుత్వము 2022 ఆగస్టులో ఉపసంహరించుకొనెను. వెలుపలి కన్ను పక్షము వహించునని రాష్ట్రమువారు, లోపలి కన్ను భయపడునని కేంద్రమువారు వాదింతురు. విరాటపర్వము చదివినవారికి ఈ రెండు వాదములును క్రొత్తవి కావు; రెండింటను సత్యమున్నది. 2010లో సర్వోన్నత న్యాయస్థానము, రాజ్యాంగ న్యాయస్థానములు రాష్ట్రసమ్మతి లేకయే ఈ సంస్థకు విచారణ నప్పగింపవచ్చునని తీర్పు చెప్పినది. నెల్లూరి చోరీ కేసున జరిగినట్లు కన్నును పిలుచు అధికారము రెండు పక్షములకును వెలుపలనున్న మూడవవానికి కూడ కలదని దాని సారము. కాటమరాజు కథలో లేనిది ఆ మూడవవాడే.

విరాటుని సమాధానమునకు కూడ ఆధునిక రూపము కలదు. ఉన్నతోద్యోగులపై విచారణ ఆరంభించుటకు ప్రభుత్వపు ముందస్తు అనుమతి కావలెనను ఆదేశమును సర్వోన్నత న్యాయస్థానము 1997లో వినీత్ నారాయణ్ కేసున కొట్టివేసినది. 2003లో అది చట్టమున సెక్షనుగా మరల వచ్చినది. 2014లో దానిని కూడ న్యాయస్థానము కొట్టివేసినది. 2018లో అవినీతి నిరోధక చట్టమునకు చేసిన సవరణతో ముందస్తు అనుమతి వేఱొక రూపమున తిరిగి వచ్చినది. కీచకుని విచారించుటకు విరాటుని యనుమతి కావలెనను నియమము ఎన్నిమార్లు పోయినను తిరిగి వచ్చుచునే యున్నది.

2013లో బొగ్గుగనుల కేటాయింపుల కేసును వినుచు సర్వోన్నత న్యాయస్థానము ఈ సంస్థను యజమాని పలుకులు పలుకు పంజరపు చిలుకతో పోల్చినది. ఆ యుపమానము పత్రికలలో స్థిరపడిపోయినది. డైరెక్టరు పదవికి కనీసము రెండేండ్ల కాలము, నియామకమున ప్రధానితోపాటు ప్రతిపక్షనాయకునికి, ప్రధాన న్యాయమూర్తికి స్థానము అను మార్పులు పంజరపు తలుపును కొంత సడలించినవి. కాని తెలుగు సాహిత్యమున చిలుక యజమాని మాటనే పలుకునది మాత్రము కాదు. శుకసప్తతి సంప్రదాయమున పంజరములో నుండియే అది తన యజమానురాలిని తప్పుదారినుండి మరల్చుటకు రాత్రికొక కథ చెప్పినది. చిలుక పంజరమున నుండుటకంటె అది ఎవరి మేలు కోరి పలుకుచున్నదన్నదే ముఖ్యము.

ఆధునిక తెలుగు సాహిత్యము ఈ విషయమున ఏమి చేసినదని అడుగవలసియున్నది. అపరాధ పరిశోధన నవల తెలుగున విరివిగా వెలసినది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ తరములపాటు పాఠకులను అలరించెను. మేము చదివినంతలో ఈ నవలలలోని నేరములు ఆస్తికొఱకో, పగకొఱకో ప్రైవేటు మనుష్యులు చేసినవే. పరిశోధకుడును ప్రైవేటు వ్యక్తియే. హంతకుని పేరు చెప్పగానే కథ ముగియును. నిందితుడు రాజు బావమఱదియైనచో పేరు చెప్పిన పిమ్మటనే అసలు కథ మొదలగునని తిక్కనకు తెలిసినట్లు ఈ నవలలకు తెలియదు. ఇది ఆ రచయితలను నిందించుటకు చెప్పుట లేదు. ఆ ప్రక్రియ స్వభావమే అది. కాని ఆ ఖాళీ ఇంకను నిండలేదని చెప్పక తప్పదు.

ఉపసంహారము

పై పరిశీలనమువలన మూడు విషయములు తేలుచున్నవి. నేరము తెలియకపోవుటకంటె తెలిసినదానిపై చేయి కదలకపోవుటయే పెద్దల నేరములలో అసలైన చిక్కు. దీనికి విరాటుని కొలువు ప్రమాణము. చూపుగల వెలుపలి కన్నునకు స్వార్థమున్నచో దాని ఫలము న్యాయము కాక దండయాత్ర యగును. దీనికి గోగ్రహణము ప్రమాణము. ఏ విచారణయు జరుగనిచోట చిన్న తగవు యుద్ధమగును. దీనికి ఎఱ్ఱగడ్డపాడు ప్రమాణము. వీనికి మందు కేతన తెనిగించిన ధర్మమున బీజరూపమున నున్నది. దొంగ దొరకనిచో రాజే బాధ్యుడని ఆ ధర్మము నిలిపినది. కన్నునకు యజమాని రాజే యైనను, రాజునకు యజమాని ధర్మమని దాని యభిప్రాయము.

మా వాదమునకు ఒక పరిమితి కలదని ఒప్పుకొనుచున్నాము. కావ్యములు చట్టములు కావు. చట్టమును సవరించుటకు తిక్కనను సాక్షిగా పిలుచుట మా యుద్దేశము కాదు. ఏ కేసున ఎవరు దోషులో నిర్ణయించుట సాహిత్యవిద్యార్థి పనియును కాదు. కాని ఒక జాతి న్యాయమును గూర్చి ఏమి కోరుకొనినదో, దేనికి భయపడినదో తెలిసికొనుటకు దాని వాఙ్మయమున కంటె నమ్మదగిన పత్రము లేదు.

తుదకు ఒక మాట. మనము చేయు పనికిని, నేరముల జాడ తీయువారి పనికిని తెలుగున ఒకే పేరు కలదు: పరిశోధన. తాళపత్రమున పాఠభేదమును పట్టుకొనువాడును, అడుగుజాడను పట్టుకొనువాడును దొరకినదానిని దాచరాదు, దొరకనిదానిని కల్పింపరాదు, తన్ను పోషించువాని కిష్టమైన నిర్ణయమును ముందే వ్రాసికొనరాదు. కలువాయి వృద్ధుడు వేసిన ప్రశ్న ఈ రెండు పరిశోధనలకును చెందును. పుల్లరి లెక్కలు తేల్చుటకు ముందు చిలుకను చంపినదెవరో అడుగవలెను. ఆ యడుగుట మన శాఖలలోని యువపరిశోధకులకు అలవడుగాక యని కోరుచు, ఇందలి లోపములను విజ్ఞులు సవరింతురని నమ్ముచున్నాము.